ఎస్.కోట దగ్గర పాత పెంకుటిల్లు: శని, ఆదివారాల్లోనే బాగుచేసుకోవాలంటే

మీరు అడిగింది ఇది: ఉద్యోగం విశాఖలో. ఎస్.కోట (శృంగవరపుకోట) అవతల కొండ అంచు పల్లెలో తాతగారి నాటి బెంగుళూరు పెంకుటిల్లు ఉంది. లోపల 30 అడుగులకు 20, మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు, పైన సున్నం పూత. గోడలకు మోకాలెత్తు నిమ్ము, గోరు తగిలితే రాలే తెల్లటి ఉప్పు. ఎనిమిదేళ్లుగా తాళం వేసి ఉంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలు మాత్రమే వీలవుతుంది. ఎండాకాలం సెలవులకు పిల్లలతో వెళ్లి ఉండాలి. మేస్త్రి మాత్రం ముందు గోడలన్నీ గీకి సిమెంటు ప్లాస్టరింగు, తర్వాత నేలకు టైల్స్, చివర్లో పెంకు అంటున్నాడు. ఈ వరుసలో వెళ్లొచ్చా?

వద్దండీ. వరుస తలకిందులుగా ఉంది. ఆ గోడలకు సిమెంటు ప్లాస్టరింగైతే ఏ వరుసలోనూ వద్దు.

మీరు అక్కడ ఉండే రెండు రోజుల్ని పట్టుకుని లెక్కలు వేస్తున్నారు. ఇల్లు చెడేది, బాగుపడేది మీరు లేని ఐదు రోజుల్లో. ఆదివారం సాయంత్రం తాళం వేసి బయల్దేరాక శుక్రవారం దాకా ఆ పని తనంతట తాను నిలబడుతుందా? తడపాల్సినవాళ్లు ఉన్నారా? మంచు పడితే ఏమవుతుంది? ఎవరైనా ఎత్తుకుపోతారా? ప్రతి పనికీ ఈ ప్రశ్నలు వేసుకుంటే వరుస దానంతట అదే కుదురుతుంది. పైకప్పు ముందు. తర్వాత ఇంటి చుట్టూ మట్టి. ఆపైన చెదల మందు, కరెంటు, సున్నం పని. రంగులు, తలుపులు ఆఖరున.

ఒక మాట పక్కన. మీ ఊరు మైదానంలోనే ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇది చదివి అనంతగిరి, అరకు వైపు పాత ఇల్లు కొని బాగుచేయించుకుందాం అనుకునేవాళ్లు ముందు 1/70 చట్టం సంగతి చూసుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల పేరు మీదికి స్థలం బదిలీ చెల్లదు. అక్కడ పెంకు మార్చినా పాలరాయి పరిచినా ఆ ఇల్లు మీది కాదు.

ముందు కాలం లెక్క. మన తీరానికి డిసెంబరు మొదటి వారం కూడా పూర్తిగా నమ్మకమైనది కాదు. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అందుకని డిసెంబరు రెండో వారం దాకా పెంకు మీద చెయ్యి వేయకండి. ఆ రోజుల్లో కూలీలు ఎలాగూ వరి కోతలు, నూర్పుల్లో ఉంటారు. జనవరిలో భోగికి రెండు మూడు రోజుల ముందు నుంచి ముక్కనుమ వెళ్లిందాకా మేస్త్రి, వడ్రంగి ఎవరూ రారు. ఆ వారాంతం లేదనే అనుకోండి. ఆదివారం కూడా సగం మంది పని పెట్టుకోరు. కాబట్టి కూలీలు కావాల్సిన పనులు శనివారానికి, ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురితో అయ్యేవి ఆదివారానికి పెట్టుకోండి. ఇవన్నీ పోగా మీకు గట్టిగా తొమ్మిది వారాంతాలు మిగులుతాయి.

రోజు లెక్క కూడా చూడండి. డిసెంబరు ఆఖర్లో సూర్యోదయం దాదాపు 6:20కి, అస్తమయం 5:30 లోపే. కొండ అంచున తొమ్మిది దాకా పెంకు మీద మంచు తడి ఉంటుంది. నాచు పట్టిన పాత పెంకు తడిగా ఉంటే కాలు నిలవదు. తొమ్మిదిలోపు లోపలి గీకుళ్లు, మోతలు. పైకి ఎక్కడం ఆ తర్వాతే. ఉదయం పెందుర్తి, కొత్తవలస దాటడం ఆలస్యమైతే అరకు వెళ్లే బండ్ల వరసలో ఇరుక్కుంటారు. ఐదింటికల్లా బయల్దేరండి. సామాను లేని రోజైతే కిరండూల్ ప్యాసింజరు ఎస్.కోటలో ఆగుతుంది. సిమెంటు, ఇసుక, పైపుల్లాంటివి విశాఖ నుంచి మోయకండి. ఎస్.కోటలోనో కొత్తవలసలోనో కొంటే మిగిలింది వెనక్కి ఇవ్వడానికి, తగ్గింది తెప్పించుకోవడానికి కొట్టు దగ్గర్లో ఉంటుంది.

మొదటి వారాంతంలో ఏ పనీ చేయించకండి. తలుపులు, కిటికీలు తీసి, మధ్యాహ్నం ఎండలో లోపల లైటు లేకుండా నిలబడి పైకి చూడండి. వెలుతురు చుక్కలు కనిపించే చోట్ల గోడ మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. తర్వాత కర్ర చూడాలి. మన వైపు పాత ఇళ్లలో వాసాలు చాలావరకు తాటివి. తాటి మానుకు బలమంతా పైపొరలో ఉంటుంది, నడుమ మెత్తన. చెదలు ఆ నడుమనే తినేసి పైపొర వదిలేస్తాయి, అందుకే కంటికి బాగానే కనబడుతుంది. చిన్న సుత్తితో అడుగుకొకసారి కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి వాసం ఖంగుమంటుంది. తినేసింది డప్పులా మోగుతుంది. డప్పు మోగిన చోట పొడుగాటి స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. అర అంగుళం కంటే లోపలికి సులువుగా దిగిందంటే ఆ వాసం లెక్కలోంచి తీసేయండి. అన్నిటికంటే అనుమానించాల్సినవి వాసాలు, దూలాలు గోడలోకి దిగిన చివరలు. తడి చేరేది, కుళ్లేది అక్కడే. నడుమ గట్టిగా ఉండి చివర రెండడుగులే పోయిన దూలాన్ని మొత్తం మార్చనక్కర్లేదు. కింద సరుగుడు బాదులతో పోటు పెట్టి, పోయిన భాగం కోసేసి, రెండు పక్కలా గట్టి చెక్క పలకలు వేసి, బాగున్న కర్రతో కనీసం మూడడుగులు కలిసేలా 12 మి.మీ. బోల్టులు నాలుగు బిగిస్తే సరిపోతుంది. బోల్టుకు రెండు వైపులా వెడల్పు వాషర్లు తప్పనిసరి. లేకపోతే తల కర్రలోకి దిగిపోతుంది. ఇది అలవాటున్న వడ్రంగి పని. దూలం మీద పెంకు బరువు ఉండగా పోటు లేకుండా ఎవరినీ కొయ్యనివ్వకండి.

ఇప్పుడు పెంకు లెక్క. 30×20 ఇంటికి నాలుగు వైపులా చూరు రెండేసి అడుగులు అనుకుంటే 34×24, అంటే 816 చదరపు అడుగులు. వాలు 30 డిగ్రీలైతే దాన్ని 1.155తో హెచ్చించాలి. దాదాపు 940 వస్తుంది. బెంగుళూరు పెంకు చదరపు మీటరుకు 15 పడుతుంది, వంద చదరపు అడుగులకు 140. మొత్తం కప్పుకు సుమారు 1,320. నాలుగో వంతు పగిలి ఉంటే 330. దింపడంలో, ఎక్కించడంలో విరిగేవి కలిపి 400 తెచ్చుకోండి. నడికొప్పు 34 అడుగులకు కొప్పు పెంకులు 35. పెంకు రెండున్నర కిలోల లెక్కన 400 అంటే టన్ను బరువు. చిన్న ట్రక్కుకు రెండు తిరుగుళ్లు.

పెంకు కొనేముందు ఒక జాగ్రత్త. పాత పెంకు వెనక ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడి ఇంకో ఫ్యాక్టరీదాంట్లో సరిగ్గా కూర్చోదు. ఒక మిల్లీమీటరు ఎత్తుగా కూర్చున్నా గాలివానకు నీళ్లు ఆ సందులోంచి ఎదురెక్కుతాయి. ఇంటి పెంకు ఒకటి బండిలో వేసుకుని వెళ్లి, అమ్మేచోట పక్కన పెట్టి తగిలించి చూడండి. పాత ఇళ్లు పడగొట్టే చోట్ల అదే ముద్ర దొరికితే కొత్తదానికంటే అదే మేలు. దొరక్కపోతే కొత్త పెంకుల్ని అక్కడొకటి ఇక్కడొకటి కలపకండి. పెరటి వైపు వాలు ఒక మూల అంతా కొత్తవి, మిగతాదంతా పాతవి వేయండి. చూపుకు కూడా అదే బాగుంటుంది.

రీపర్లు, అంటే వాసాల మీద అడ్డంగా కొట్టే, పెంకు ఆనే సన్న కర్రలు, మార్చే చోట వాటి మధ్య దూరం వడ్రంగి నోటి లెక్కకు వదిలేయకండి. బెంగుళూరు పెంకుకు మామూలుగా పన్నెండున్నర అంగుళాలు అంటారు. మీ పెంకుకు ఎంతో మీరే కొలుచుకోవచ్చు. చదునైన నేల మీద 11 పెంకుల్ని ఒకదానికొకటి తగిలించి, బోర్లా ఒకే వరుసగా పరవండి. అన్నిటినీ కిందికి లాగి, మొదటి పెంకు కొక్కెం నుంచి పదకొండోదాని కొక్కెం దాకా టేపు పెట్టండి. తర్వాత అన్నిటినీ దగ్గరికి నెట్టి మళ్లీ కొలవండి. రెండు కొలతల సగటును పదితో భాగిస్తే మీ రీపరు దూరం వస్తుంది. ఆ కొలతకు ఒక చెక్క ముక్క కోసి వడ్రంగి చేతికి ఇవ్వండి. ప్రతి రీపరూ ఆ ముక్క ఆనించే కొట్టాలి. చూరు దగ్గర మొదటి రీపరు మాత్రం మిగతావాటికంటే ఒక పెంకు మందం ఎత్తుగా ఉండాలి, లేకపోతే కింది వరుస ముక్కు దించుకుంటుంది. రీపరు 2×1 అంగుళాలు, ఆరిన కర్ర. పచ్చి కర్ర కొడితే ఏప్రిల్ ఎండకు వంకర తిరిగి పెంకును లేపుతుంది.

ఎంత కప్పు తెరవాలన్నది ఈ పనిలో అసలు కిటుకు. శనివారం విప్పింది ఆదివారం నాలుగింటికి మూసేయగలగాలి. రీపర్లు కూడా మార్చాల్సి వస్తే ఒక వడ్రంగి, ఇద్దరు కూలీలతో రెండు రోజుల్లో 200 చదరపు అడుగులకు మించి పెట్టుకోకండి. మీ కప్పుకు అది ఐదు వారాంతాల పని. ఉత్సాహం కొద్దీ ఒక వాలంతా ఒకేసారి విప్పితే ఆదివారం సాయంత్రానికి సగం ఇల్లు ఆకాశం చూస్తూ ఉంటుంది. విప్పేటప్పుడు కొప్పు నుంచి కిందికి, రెండు వాలుల మీదా సమానంగా. వేసేటప్పుడు చూరు నుంచి పైకి, మళ్లీ రెండు వైపులా సమానంగా. ఒక వైపే బరువు దింపేస్తే పాత అతుకులు రెండో వైపుకు తోసుకుంటాయి, కొప్పు దూలం పక్కకు వాలుతుంది. పెంకు నడుమ కాలు పెట్టకుండా వాసం వెంబడి ఒక పలక వేసుకుని దానిమీదే నడవాలి. దించిన పెంకు నిలువుగా ఆనించి పేర్చండి. పడుకోబెట్టి దొంతులుగా పెడితే కిందివి చిట్లుతాయి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒక ఆదివారం పని మిగులుతుంది. 250 జీఎస్‌ఎం టార్పాలిన్, 24×18 అడుగులది, ఒకటి కొని ఉంచుకోండి. దాని పై అంచు కొప్పు దాటి రెండో వాలు మీదికి రెండడుగులు పోవాలి. తాళ్లు పెంకుకో రీపరుకో కట్టకండి. చూరు కిందికి తెచ్చి అరుగు స్తంభాలకు కట్టండి. రాళ్లు ఎత్తి పెట్టడం మాత్రం వద్దు. గాలికి పట్టా లేస్తే ఆ రాయి దొర్లి పది పెంకులు పగలగొడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ చుట్టుపక్కల పైకప్పులు లేచిపోవడం మీరూ చూసే ఉంటారు. గాలి కప్పు నడుమ కంటే అంచుల్ని ఎక్కువగా లేపుతుంది. చూరు వైపు కింది రెండు వరుసలు, పక్క అంచుల్లో ఒక్కో నిలువు వరుస, కొప్పు పక్కన ఉండే వరుస, వీటికి పెంకు అడుగున ఉన్న కన్నంలోంచి జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూసిన ఇనప) తీగ దూర్చి రీపరుకు కట్టించండి. కన్నం లేని పెంకైతే డ్రిల్లుకు సన్నని బిట్టు పెట్టి నెమ్మదిగా వేయొచ్చు, సుత్తిపోటు (హ్యామర్) మోడ్ ఆపేసి. కొప్పు పెంకులు కూర్చోబెట్టడానికి ఒక వంతు సిమెంటు, ఒక వంతు సున్నం, ఆరు వంతులు ఇసుక కలిపిన అడుసు వాడండి. వట్టి సిమెంటు ఎక్కువైతే ఎండకు పెంకుతో పాటు సాగక ఏడాదిలో చీలుతుంది. కొప్పు పెంకుల్ని ముందు నీళ్లలో నానబెట్టాలి. ఈ పని శనివారమే అయిపోవాలి. ఆదివారమంతా మీరే తడిపి, వెళ్లేముందు తడి గోనెపట్టాలు కప్పి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా కట్టి వెళ్లండి.

పెంకు పని నడుస్తున్న రోజుల్లోనే, కూలీలు ఖాళీగా ఉన్న గంటల్లో, ఇంటి చుట్టూ మట్టి తీయించండి. ఇది అన్నిటికంటే చవకైన పని, ఎవరూ చేయించని పని. పాత ఇళ్ల చుట్టూ నేల ఏటా కొంచెం కొంచెం ఎత్తు పెరుగుతుంది. వీధి ఎత్తవుతుంది, పెరట్లో మట్టి పోస్తారు, చెత్త మట్టవుతుంది. చివరికి బయటి నేల లోపలి గచ్చుతో సమానమవుతుంది. అప్పటి నుంచి గోడ నీళ్లు పీల్చడం మొదలవుతుంది. మీరు చెప్పిన మోకాలెత్తు నిమ్ము, గోరు తగిలితే రాలే తెల్లటి ఉప్పు, రెండూ దీనివల్లే. గోడ వెంబడి రెండడుగుల వెడల్పున, గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందికి మట్టి తీసేసి, ఇంటి నుంచి బయటికి వాలు ఇవ్వండి. చూరు నీళ్లు పడే గీత వెంబడి కంకర పరవండి. గోడ అడుగున ఎవరో ఎప్పుడో వేసిన సిమెంటు పట్టీ ఉంటే అది కూడా ఊడదీయండి. గోడ ఆరడానికి దారి కావాలి. జనవరిలో గాలి పొడిగా ఉంటుంది. ఐదు రోజులూ తాళం వేసి ఉన్నా ఈ పని తనంతట తాను సాగుతుంది. మీ వీలుకు ఇంతకంటే సరిపోయే పని ఇంకోటి లేదు.

మేస్త్రి సిమెంటు ప్లాస్టరింగు ఎందుకు వద్దో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. మట్టి అడుసు గోడ కింద నుంచి తడి పీల్చి, సున్నం పూతలోంచి బయటికి వదులుతుంది. పైన సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు ప్లాస్టరింగు వెనక పేరుకుంటుంది, రెండేళ్లలో పలకలు పలకలుగా ఊడుతుంది. ఊడేటప్పుడు పాత ఇటుక మొహం కూడా లాక్కుపోతుంది. మేస్త్రిది తప్పని కాదు. అతను రోజూ చేసే ఇళ్లకు అదే సరైన పని.

గోడంతా గీకకండి. తట్టి చూసి బోలుగా మోగిన చోట్ల మాత్రమే తీయండి. మీ ఇంట్లో అది 200 చదరపు అడుగులు అనుకుందాం. రెండు పొరలు కలిపి 20 మి.మీ. మందానికి ఇసుక 13 ఘనపుటడుగులు, నానిన సున్నం ముద్ద సుమారు 125 లీటర్లు కావాలి. దానికి రాతి సున్నం 60 కిలోలు తెచ్చుకోండి. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, సున్నం గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్లు గుమ్మరించకూడదు. అది కుతకుతా ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా ఎవరూ దగ్గరికి పోవద్దు, పిల్లలైతే ఆ రోజు ఊళ్లోనే ఉండొద్దు. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి మెత్తబడుతుంది. చల్లారాక జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్లు నిలిపి మూత పెట్టేయండి. తక్కువలో తక్కువ రెండు వారాలు నానాలి, ఎక్కువైతే ఇంకా మంచిది. డిసెంబరు ఆఖర్లో నానబెడితే సంక్రాంతి సెలవులు దాటేసరికి వెన్నలా తయారవుతుంది.

కలిపే పాళ్లు ఒకటికి మూడు ఇసుక. ఇసుక సంగతికొస్తే, అద్దం సీసాలో సగం పోసి, చిటికెడు ఉప్పు వేసిన నీళ్లతో నింపి, గట్టిగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన తేరిన మట్టి పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ లోడు వద్దనండి. సముద్రపు ఇసుక ఎవరిచ్చినా ముట్టుకోకండి. దాంట్లో ఉప్పు గోడలోకి చేరితే మీరు మట్టి తవ్వి లాభం లేదు. గోడను బాగా తడిపి, మొదటి పొర పది పన్నెండు మిల్లీమీటర్లు వేసి చెక్క పలకతో గట్టిగా రుద్దండి, కిటికీల్లోంచి ఎండ తగిలే చోట తడి గోనె వేలాడదీయండి. రెండో పొర తర్వాతి శనివారం. సున్నానికి ఈ వారం ఎడం కావాలి కూడా. అది గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. సన్నగా వెంట్రుకవాసి చీలికలు వస్తే భయపడొద్దు, తడిపి మళ్లీ రుద్దితే మూసుకుంటాయి.

సిమెంటు ఎక్కడ తప్పదంటే బాత్రూములో, వంటగట్టు దగ్గర. 8×5 బాత్రూముకు ఏడడుగుల ఎత్తున నాలుగు గోడలు, తలుపు తీసేస్తే 165 చదరపు అడుగులు. ఒకటికి నాలుగు పాళ్లలో 12 మి.మీ. మందానికి రెండు బస్తాలు పడుతుంది. ఇప్పుడు కొట్లలో దొరికేది ఎక్కువగా పీపీసీ, పీఎస్‌సీ, అంటే బూడిదో (ఫ్లై యాష్) స్లాగో కలిపిన సిమెంట్లు. వాటికి పది రోజులు తడి ఆరకూడదు. మీరుండేది రెండు రోజులు! ఉదయం, సాయంత్రం వచ్చి తడిపే మనిషిని ఊళ్లో ముందే మాట్లాడుకుని, డబ్బు వారం వారం ఇవ్వండి. తడిపారో లేదో శుక్రవారం ఫోనులో ఫొటో అడిగితే మొహమాటం ఉండదు. మనిషి కుదరకపోతే ఆ వారం సిమెంటు పనే పెట్టుకోకండి. కుదిరినా సరే, ఆదివారం మధ్యాహ్నం తర్వాత బస్తా విప్పొద్దు. తడపని సిమెంటు చలికాలం గాలికి మూడో రోజే పైన పొడి రాలుతుంది. బస్తాలు నేల మీద పెట్టకండి. ఇటుకల మీద పలక వేసి, గోడకు అడుగు దూరంలో పెట్టి పట్టా కప్పండి. వారానికి సరిపడానే తెచ్చుకోండి.

చెదల మందు ఆదివారం మధ్యాహ్నం కొట్టే పని. కొట్టి, తాళం వేసి వచ్చేస్తే ఐదు రోజులు ఎవరూ లోపల ఉండరు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ మందు లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు. గోడా నేలా కలిసే మూల వెంబడి అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. కన్నాలు, పునాది వైపు కొంచెం ఏటవాలుగా. కన్నానికి లీటరు దాటకుండా పోయాలి. మీ ఇంటికి బయట వంద, లోపల అడ్డగోడతో కలిపి 140 కన్నాలు పడతాయి, అంటే 240 లీటర్ల నీళ్లు, అర లీటరు మందు. బావికి పది మీటర్ల లోపు ఉన్న గోడ వైపు మందు పోయకండి. అక్కడ మట్టి తవ్వి, చెదల దారులు గీకేసి, కర్రకు మాత్రమే పూత వేయండి. దూలాలకు జీడిపిక్కల పైపెంకు నూనె పూయడం మన వైపు పాత అలవాటే. చెదలకు పనికొస్తుంది, కానీ చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. తొడుగులు లేనివాళ్లు కొట్లో దొరికే చెదల మందు పూతే రెండు సార్లు వేసుకోవడం మేలు.

కరెంటు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి, రెండు రోజుల్లో ముగిసేలా. పాత చెక్క పట్టీల వైరింగు అతుకులు వేసి వాడొద్దు, మొత్తం తీసేయండి. కొత్తది గోడ కోసి లోపల పెట్టించొద్దు. మట్టి అడుసు గోడకు గాడి కొడితే ఇటుకలు కదులుతాయి. పైనే పీవీసీ పైపులో రావాలి. లైట్లకు 1.5, మామూలు ప్లగ్గులకు 2.5, గీజరు, మోటారులకు 4 చదరపు మి.మీ. తీగ. బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పకుండా ఉండాలి. తడి గోడల ఇంట్లో ప్రాణం కాపాడేది అదే. ఎర్తింగు పైపు రెండున్నర మీటర్లు దిగాలి. సగం వైరింగుతో ఆదివారం వెళ్లాల్సి వస్తే మెయిన్ ఆపి, ఫ్యూజు మీ జేబులో వేసుకుని వెళ్లండి. మోటారు, మిగిలిన రాగి తీగ చుట్ట కూడా బండిలోనే.

ఎత్తుకుపోవడం అంటే గుర్తొచ్చింది. భోగికి ముందు వారం పెరట్లో కర్ర పేర్చి రాకండి. చెదలు తిన్న పాత రీపర్లు ఊరి కుర్రాళ్లకు మీరే ఇచ్చేయండి, సంతోషిస్తారు. కొత్త రీపర్లు మాత్రం లోపల పెట్టి తాళం వేయండి. మంటకు ఏది కొత్తదో ఏది పాతదో తెలీదు.

పెంకు దొంతులు, ఇటుక కుప్పలు కదిపేటప్పుడు చేతులు దూర్చకుండా ముందు కర్రతో కదపండి. తేళ్లు సరేసరి, రక్తపింజర చలికాలంలోనూ బాగా తిరుగుతుంది. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం వంటివి వద్దు. కాలు కదపనీయకుండా బండెక్కించి, నేరుగా పెద్దాసుపత్రికి. దగ్గర్లో పాము మందు ఎక్కడ ఉంటుందో మొదటి వారాంతంలోనే అడిగి పెట్టుకోండి. వెనక సావిడి మీద పాత ఆస్‌బెస్టాస్ రేకులుంటే కోయొద్దు, పగలగొట్టొద్దు. తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగా దించండి.

గోడలకు ప్లాస్టిక్ ఎమల్షను, పుట్టీ వద్దు, కారణం సిమెంటుకు చెప్పిందే. వెల్ల వేయండి. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు, బట్టలో వడకట్టి, పలచగా మూడు సార్లు. తలుపుల ఎనామిల్‌కు మాత్రం గడియారం చూసుకోవాలి. ఉదయం పదింటికి ముందు చెక్క మీద కనిపించని తడి ఉంటుంది. మూడు దాటాక వేస్తే ఆరకముందే మంచు పడి, తెల్లారేసరికి మెరుపు పోయి మసక పడుతుంది. తలుపు సందులు ఫిబ్రవరిలో బిగుతుగా చేయించుకోకండి. చెక్క అప్పుడు బాగా ఆరి కుంచించుకుని ఉంటుంది. రెండు రూపాయి బిళ్లలు కలిపి దూరేంత సందు చుట్టూ వదలాలి. ఇప్పుడు వదులుగా అనిపించినా ఆగస్టులో సరిపోతుంది.

బావి పూడిక తీయడం చలికాలం పని కాదు, నీళ్లు ఇంకా నిండుగా ఉంటాయి. మేలో చేయించండి, అది కూడా ఆ పని చేసేవాళ్లతోనే. మూసి ఉన్న పాత బావిలో గాలి చెడిపోయి ఉంటుంది, ఎవరినీ ఊరికే దింపకండి. ఇప్పటికి పైన తేలేది ఎత్తేసి, మోటారుతో సగం నీళ్లు తోడేసి, ఊరాక మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన వేయండి. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీళ్లుంటే 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. బక్కెట్టులో కలిపి తేటనీరు మాత్రమే బావిలో పోసి, గంట ఆగాకే వాడాలి.

పెంకు మేస్త్రికి ఆఖరి వాయిదా డబ్బు ఫిబ్రవరి చివరి వారాంతం దాకా ఆపండి. ఆ శనివారం మోటారుకు గొట్టం తగిలించి, కొప్పు నుంచి కిందికి వాన పడినట్టే, ఒక్కో వాలు మీద అరగంట చొప్పున నీళ్లు వదలండి. కింది నుంచి పైకి చిమ్మితే మంచి కప్పు కూడా కారుతుంది, అది లెక్క కాదు. లోపల ఒకరు మొదటి రోజు పెట్టిన సుద్ద గుర్తుల దగ్గర టార్చితో నిలబడాలి. ఏప్రిల్, మే గాలివానలో బయటపడితే మేస్త్రి దొరకడు. ఇప్పుడైతే ఆదివారం పొద్దున్నే నిచ్చెన వేసుకుని వస్తాడు.